గైర్హాజరు: శిక్షకు ముందు పరీక్ష అవసరం

ప్రభుత్వ కార్యాలయాల్లోను, కర్మాగారాల్లోను తరచుగా వినిపించే మాట ఒకటి ఉంది: ‘అనధికార గైర్హాజరు’. సెలవు మంజూరు కాకుండా, సమాచారం ఇవ్వకుండా ఉద్యోగి విధులకు రాకపోవడాన్ని ఈ పేరుతో పిలుస్తారు. మొదట మెమో వస్తుంది. తరువాత ఛార్జిషీటు, ఆ తరువాత విచారణ, చివరకు ఉద్యోగం నుండి తొలగింపు. ఈ వ్యవహారమంతా సిబ్బంది విభాగానికి, న్యాయవాదులకు సంబంధించినదని, ఇందులో వైద్యునికి పని లేదని చాలామంది అభిప్రాయం. మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసిన నాకు ఆ అభిప్రాయం సరికాదనిపిస్తుంది. మనిషి ఉన్నట్టుండి పనికి రావడం మానేశాడంటే అది క్రమశిక్షణారాహిత్యం కావచ్చు. కాని అది ఒక రోగానికి మొదటి లక్షణం కూడా కావచ్చు. ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చకుండా శిక్ష వేయడం, నాడి చూడకుండా మందు రాయడం వంటిదే.

ఒక సాయంత్రము, ఇరవై నాలుగు సంవత్సరాలు

మన రాష్ట్రంలో అందరికీ గుర్తున్న ఉదంతం 2019 నాటి ఆర్టీసీ సమ్మె. ఆ ఏడాది అక్టోబరు 5న సుమారు 48 వేల మంది కార్మికులు విధులకు దూరంగా ఉన్నారు. సంస్థను ప్రభుత్వంలో విలీనం చేయాలన్నది వారి డిమాండ్లలో ముఖ్యమైనది. ఆనాటి సాయంత్రం 6 గంటలలోగా విధుల్లో చేరని వారు తమ ఉద్యోగాలను తామే వదులుకున్నట్లని నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు ప్రకటించారు. ‘సెల్ఫ్ డిస్మిస్’ అనే మాట అప్పుడే మన ఇళ్ళలోకి వచ్చింది. సికింద్రాబాదులో రాణిగంజ్, పికెట్, కంటోన్మెంటు డిపోల ముందు నిలబడిన డ్రైవర్లు, కండక్టర్లు తాము ఉద్యోగులమో కాదో తమకే తెలియని స్థితిలో వారాల తరబడి గడిపారు. నవంబరు 25న, అంటే 52వ రోజున, సంఘాలు సమ్మె విరమించాయి. 28న ముఖ్యమంత్రి అందరినీ విధుల్లో చేరమన్నారు. 29న బస్సులు మామూలుగా కదిలాయి. పోయాయన్న ఉద్యోగాలు తిరిగి వచ్చాయి.

కాని ఆ మధ్యకాలంలో పోయిన ప్రాణాలు తిరిగి రాలేదు. ఖమ్మం ప్రాంతపు డ్రైవరు ఒకరు ఆత్మాహుతికి పాల్పడి అక్టోబరు 13న హైదరాబాదులో చికిత్స పొందుతూ మరణించారు. మరికొందరు గుండెపోటుతో చనిపోయారన్న వార్తలు పత్రికల్లో వచ్చాయి. ఒక్కొక్క మరణానికి కారణమేమిటో దూరం నుండి నిర్ధారించడం వైద్యుని పని కాదు. జీతం ఆగిపోయి, ఉద్యోగం ఉందో లేదో తెలియని అనిశ్చితి దేహాన్ని, మనసును ఎంత పీడిస్తుందో మాత్రం వైద్యులందరికీ తెలుసు. రక్తపుపోటు, మధుమేహం ఉన్నవారు ఇట్టి సమయాలలో మందులు మానుకుంటారు, నిద్రకు దూరమవుతారు, కొందరు తాగుడుకు దగ్గరవుతారు.

సికింద్రాబాదుకు ఇది కొత్త అనుభవం కాదు. దక్షిణ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు ఇది. 1974 మేలో దేశవ్యాప్తంగా సుమారు 17 లక్షల మంది రైల్వే కార్మికులు సమ్మె చేసినప్పుడు వేలాది మందిని ఉద్యోగాల నుండి తొలగించారు. 1977లో ప్రభుత్వం మారిన తరువాత వారిని తిరిగి తీసుకున్నారు. మధ్యలో మూడేళ్ళ పాటు ఆ కుటుంబాలు ఎలా బతికాయో ఆ తరం రైల్వే క్వార్టర్ల వారిని అడిగితే తెలుస్తుంది.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ఉదాహరణ కూడా ఉంది. కేంద్ర ప్రజా పనుల విభాగంలో ఒక ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు 1990 డిసెంబరులో సెలవుపై వెళ్ళి మళ్ళీ రాలేదు. ఆయనను తొలగించినది 2015 జనవరిలో. అప్పటి కేంద్ర పట్టణాభివృద్ధి మంత్రి ఎం. వెంకయ్యనాయుడు ఆ ఉత్తర్వును ఆమోదించారు. ఆ వ్యవహారం తేలడానికి ఇరవై నాలుగు సంవత్సరాలు పట్టింది.

ఒకచోట ఒక సాయంత్రంలోనే తీర్పు, మరొకచోట పాతికేళ్ళకు తీర్పు. సమ్మె సామూహికమైనది, దాని చట్టం వేరు. ఒంటరి ఉద్యోగి గైర్హాజరు వేరు. ఆ తేడాను నేను కాదనను. కాని రెండింటిలోనూ లోపించినది ఒక్కటే: ‘ఈ మనిషి ఎందుకు రాలేదు?’ అని సకాలంలో, సక్రమంగా అడగడం.

న్యాయస్థానాలు చెప్పినది

ఈ ప్రశ్న అడిగి తీరాలని మన సర్వోన్నత న్యాయస్థానం పలుమార్లు చెప్పింది. జోధ్‌పూర్ జైలులో హెడ్ వార్డరుగా ఉన్న ఒక ఉద్యోగి 1950లో సెలవుపై వెళ్ళి, అనారోగ్య కారణంగా గడువు దాటినా తిరిగి చేరలేదు. గడువు దాటితే ఉద్యోగం దానంతట అదే పోతుందన్నది అక్కడి నియమం. నియమంలో ఏమి రాసి ఉన్నా, సంజాయిషీ చెప్పుకొనే అవకాశం ఇవ్వకుండా తొలగించడం రాజ్యాంగంలోని 311వ అధికరణానికి విరుద్ధమని జైశంకర్ కేసుగా ప్రసిద్ధమైన ఆ వ్యాజ్యంలో కోర్టు తేల్చింది.

ప్రైవేటు రంగానికి సంబంధించి 1993లో డి.కె. యాదవ్ కేసు వచ్చింది. ఎనిమిది రోజులకు మించి గైర్హాజరైతే ఉద్యోగం పోయినట్లేనని ఆ కంపెనీ స్టాండింగ్ ఆర్డర్లు చెప్పాయి. విచారణ లేకుండా అలా తీసివేయడం సహజ న్యాయసూత్రాలకు వ్యతిరేకమని కోర్టు చెప్పింది. ఆ తీర్పు రాసినవారు మన తెలుగువారైన జస్టిస్ కె. రామస్వామి. ఉద్యోగం పోతే జీవనోపాధి పోతుందని, జీవనోపాధి జీవించే హక్కులో భాగమని ఆ తీర్పు సారాంశం.

2012లో వచ్చిన కృష్ణకాంత్ పర్మార్ కేసు వైద్యులకు మరింత ముఖ్యమైనది. గైర్హాజరు అన్న ఒక్క కారణంతో దానిని దుష్ప్రవర్తనగా పరిగణించరాదని, అది ఉద్దేశపూర్వకమని విచారణలో రుజువు కావాలని కోర్టు చెప్పింది. అనారోగ్యం, ప్రమాదం, ఆసుపత్రిలో చేరడం వంటి అనివార్య పరిస్థితులలో రాలేకపోయిన వారిని కర్తవ్య విముఖులుగా ఎంచరాదని స్పష్టం చేసింది.

మన రాష్ట్ర నియమాలు కూడా ఈ విషయంలో కళ్ళు మూసుకోలేదు. ఏడాదికి మించి అనుమతి లేకుండా గైర్హాజరైన ప్రభుత్వోద్యోగి రాజీనామా చేసినట్లు భావించవచ్చని 2007 జూన్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆర్థిక శాఖ ఉత్తర్వు ఇచ్చింది. అయితే ఆ నిబంధనను ప్రయోగించే ముందు కారణాలు వివరించుకొనే సముచితమైన అవకాశం ఇవ్వాలని అదే ఉత్తర్వులో ఉంది. మొదటి వాక్యాన్ని అందరూ గుర్తుంచుకుంటారు. రెండవ వాక్యం పోస్టులో వెళ్ళి, తలుపు తాళం వేసి ఉందనే గుర్తుతో తిరిగి వస్తుంది.

సెలవు చీటీ రాయలేని రోగాలు

ఇక్కడే వైద్యుని అవసరం కలుగుతుంది. కాలు విరిగిన ఉద్యోగి మంచం మీద నుండే సెలవు చీటీ పంపగలడు. కాని కొన్ని రోగాలు మొట్టమొదట దెబ్బతీసేది ఆ చీటీ రాసే శక్తినే. సమాచారం ఇవ్వలేదన్నది ఆరోపణ. సమాచారం ఇవ్వలేకపోవడమే ఆ రోగలక్షణం.

మానసిక కుంగుబాటును తీసుకోండి. కనీసం రెండు వారాల పాటు రోజులో ఎక్కువ భాగం దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర చెడిపోవడం, చిన్న నిర్ణయం కూడా తీసుకోలేకపోవడం దీని లక్షణాలు. ఇట్టి రోగికి పై అధికారికి ఫోను చేయడం కొండ ఎక్కినంత పని. ఒక రోజు చేయలేకపోతాడు. మరునాడు నిన్న చేయనందుకు సిగ్గుపడి చేయడు. పది రోజులు గడిచేసరికి భయం మొదలవుతుంది. ఆఫీసు నుండి వచ్చిన కవరును విప్పడు. చూసేవారికి అది నిర్లక్ష్యంగానే కనిపిస్తుంది.

స్కిజోఫ్రెనియా వంటి తీవ్రమైన మానసిక వ్యాధులు సాధారణంగా యౌవనంలో, అంటే ఉద్యోగంలో కుదురుకొనే వయసులోనే మొదలవుతాయి. సహోద్యోగులు తనకు హాని తలపెట్టారన్న భ్రమ కలిగినవాడు ఆఫీసుకు ఎలా వెళతాడు? మెదడు ముందు భాగం క్షీణించే ఒక రకం డిమెన్షియా 45 నుండి 65 ఏళ్ళ మధ్య వయసులోనే కనిపించవచ్చు. అందులో మతిమరుపు కన్నా ముందు ప్రవర్తన మారుతుంది. ఎంతో బాధ్యతగా ఉండే గుమాస్తా ఒక్కసారిగా దేనినీ లెక్కచేయని వాడవుతాడు. రోగం బయటపడేలోపు రెండు మూడు మెమోలు అందుకొని ఉంటాడు.

శారీరక వ్యాధులూ ఉన్నాయి. థైరాయిడ్ లోపం, తీవ్రమైన రక్తహీనత, అదుపు తప్పిన మధుమేహం, డ్రైవర్లలో నడుము డిస్కు సమస్యలు, గురకతో నిద్రలో ఊపిరి ఆగిపోయే వ్యాధి. రాత్రంతా నిద్ర పట్టని డ్రైవరు తెల్లవారుజామున డ్యూటీకి రాకపోతే అతనికి మెమో ఇస్తాము. వచ్చి స్టీరింగు ముందు కునుకు తీస్తే ఏమయ్యేదో ఆలోచించము. క్షయ వచ్చినవారు కనీసం ఆరు నెలలు మందులు వాడాలి. నలుగురికీ తెలుస్తుందన్న భయంతో రోగం పేరు ఆఫీసులో చెప్పకుండా మాయమయ్యేవారు నేటికీ ఉన్నారు.

నేను ఒక జిల్లా ఆసుపత్రిలో పనిచేస్తున్న రోజుల్లో ఒక జూనియర్ అసిస్టెంటును ఆయన భార్య తీసుకువచ్చింది. వయసు నలభై మూడు. ఎనిమిది నెలలుగా ఆఫీసుకు వెళ్ళడం లేదు. ముఖం ఉబ్బి, మాట నెమ్మదించి, ప్రశ్న అడిగితే జవాబుకు చాలాసేపు పడుతోంది. ఆమె సంచిలో విప్పని రిజిస్టరు కవర్లు మూడు ఉన్నాయి. పరీక్ష చేయిస్తే థైరాయిడ్ గ్రంథి దాదాపు పనిచేయడం లేదని, దానితో పాటు తీవ్రమైన కుంగుబాటు ఉందని తేలింది. రోజుకొకటి వేసుకొనే చవకైన మాత్రతో మూడు నెలల్లో మనిషి మనిషయ్యాడు. కాని అప్పటికే తొలగింపు ఉత్తర్వు వెలువడింది. వైద్య పత్రాలతో అప్పీలు చేసుకుంటే రెండేళ్ళకు ఉద్యోగం తిరిగి వచ్చింది. ఆ రెండేళ్ళలో పెద్దకూతురి చదువు ఆగిపోయింది, ఇంట్లోని బంగారం తాకట్టుకు వెళ్ళింది. మూడవ కవరు పంపే ముందు ఎవరైనా ఒక్కసారి ఆ ఇంటి తలుపు తట్టి ఉంటే ఇదంతా తప్పేది.

తాగుడు మాటేమిటి?

గైర్హాజరు కేసుల్లో మద్యపానం పాత్ర చాలా ఎక్కువ. దీనిని ప్రస్తావించగానే సానుభూతి ఆగిపోతుంది. తాగి పడి ఉన్నవానికి జీతం ఇవ్వాలా అని అడుగుతారు. నా సమాధానం: జీతం ఇవ్వనవసరం లేదు, చికిత్సకు అవకాశం మాత్రం ఇవ్వాలి. మద్యానికి బానిస కావడం వ్యాధి అని వైద్యశాస్త్రం ఏనాడో నిర్ణయించింది. భయపడి ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో వణుకు, మూర్ఛలు, మతిభ్రమణ వచ్చి ప్రాణాపాయం కలగవచ్చు. వైద్య పర్యవేక్షణలోనే మాన్పించాలి. ఒకసారి చికిత్స ఇప్పించి, తిరిగి వచ్చిన తరువాత గమనించి, అప్పటికీ మారకపోతే చర్య తీసుకోవడం న్యాయం. అయితే బస్సు, రైలు, అంబులెన్సు నడిపేవారిని కోలుకున్నారని ధ్రువపడేవరకు ఆ పనిలో ఉంచకూడదు. దయ చూపడమంటే ప్రయాణికుల ప్రాణాలు పణంగా పెట్టడం కాదు.

రెండవ పక్షం

ఇంతవరకు రాసినది చదివి, గైర్హాజరైన వారందరూ రోగులేనని నేను అంటున్నట్లు భావించవద్దు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు లేకపోతే కాన్పుకు వచ్చిన తల్లి, పాము కరచిన రైతు ఏమవుతారో నాకు తెలుసు. ప్రభుత్వ ఉద్యోగాన్ని అట్టిపెట్టుకొని విదేశాలకు వెళ్ళినవారు, సొంత నర్సింగ్ హోము నడుపుకొనేవారు మా వృత్తిలోనే ఉన్నారు. వారి స్థానం ఖాళీ కాదు, భర్తీ కాదు. వారి పనిభారమంతా పక్కవారి మీద పడి, నిజాయితీగా వచ్చేవారు రోగులవుతారు. ఇట్టివారిని విచారించి వెంటనే తొలగించాలి. ఇరవై నాలుగేళ్ళు ఆగకూడదు.

దొంగ వైద్య ధ్రువపత్రాల విషయంలో తప్పు మా వృత్తిదే. చూడని రోగికి, లేని రోగానికి, గడిచిన తేదీతో పత్రం రాసి ఇచ్చే డాక్టరు ఒక్కడు నిజమైన రోగులు వంద మంది పత్రాలకు విలువ లేకుండా చేస్తాడు. ఇచ్చిన ప్రతి ధ్రువపత్రానికి రిజిస్టరు నిర్వహించాలని 2002 నాటి వైద్య వృత్తి నియమావళి చెబుతోంది. అబద్ధపు పత్రం ఇవ్వడం రిజిస్ట్రేషన్ పై చర్యకు దారితీసే దుష్ప్రవర్తన. ఈ నియమాన్ని మా వైద్య మండళ్ళు గట్టిగా అమలు చేస్తే, అధికారులు ప్రతి పత్రాన్నీ అనుమానంతో చూసే దుస్థితి ఉండదు.

నేను కోరేది

మొదటిది, ఉద్యోగి మూడు రోజులు సమాచారం లేకుండా రాకపోతే నోటీసు కన్నా ముందు ఫోను వెళ్ళాలి. పది రోజులు దాటితే ఒక సహోద్యోగి ఇంటికి వెళ్ళి చూసి రావాలి. దీనికి ఏ జీవో అక్కరలేదు.

రెండవది, నెల దాటితే ఛార్జిషీటుతో పాటు వైద్య పరీక్షకు ఉత్తర్వు ఇవ్వాలి. ఆ పరీక్షలో మానసిక వైద్య నిపుణుడు తప్పనిసరిగా ఉండాలి. ఆరోగ్యంగా ఉండి కూడా రాలేదని తేలితే ఆ నివేదికే యాజమాన్యానికి బలమైన సాక్ష్యమవుతుంది. కాబట్టి ఈ సూచన ఉద్యోగికే కాదు, సంస్థకు కూడా మేలు చేసేదే.

మూడవది, ఉద్యోగి జవాబు చెప్పలేని స్థితిలో ఉంటే భార్య గాని, భర్త గాని, తల్లిదండ్రులు గాని అతని తరఫున మాట్లాడడానికి అనుమతించాలి. జవాబు రాలేదు కనుక ఆరోపణ ఒప్పుకున్నట్లేనన్న ఏకపక్ష విచారణ మానసిక రోగుల విషయంలో అన్యాయం.

నాలుగవది, తొలగింపే ఏకైక మార్గమన్నట్లు వ్యవహరించరాదు. తొలగింపుతో గత సేవ రద్దవుతుంది, పెన్షను పోతుంది, దానితో కుటుంబానికి వైద్య సదుపాయమూ పోతుంది. వైద్యం అత్యవసరమైన ఇంటికే వైద్యం అందకుండా చేసిన వారమవుతాము. సర్వీసులో ఉండగా వైకల్యం సంభవించిన ప్రభుత్వ ఉద్యోగిని తొలగించరాదని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షను చెబుతోంది. తీవ్రమైన మానసిక వ్యాధులు కూడా ఆ చట్టం పరిధిలోనివే. 2021లో సర్వోన్నత న్యాయస్థానం ఒక కేంద్ర రిజర్వు పోలీసు అధికారి కేసులో, మానసిక వైకల్యం ఉన్నవారు క్రమశిక్షణ చర్యలకు ఇతరులకన్నా ఎక్కువగా గురయ్యే ప్రమాదం ఉందని గుర్తించి ఆ చర్యలను కొట్టివేసింది.

కుటుంబ సభ్యులకు సూచనలు

మీ ఇంట్లో ఎవరైనా కారణం చెప్పకుండా ఉద్యోగానికి వెళ్ళడం మానేస్తే మందలింపుతో సరిపెట్టవద్దు. ముందుగా వైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి. థైరాయిడ్, చక్కెర, రక్తహీనత పరీక్షలు చేయించండి. దిగులు, అనుమానాలు, నిద్రలేమి ఉంటే మానసిక వైద్యుని సంప్రదించండి. హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయం ప్రభుత్వ సంస్థే. టెలిమానస్ ఉచిత నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. చావు గురించిన మాటలు వినిపిస్తే ఒంటరిగా వదలకండి, అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

ఆఫీసుకు రోగి తరఫున మీరే ఒక ఉత్తరం రాయండి. పరిస్థితిని నాలుగు వాక్యాలలో చెప్పి, ఓపీ చీటీ నకలు జతచేసి, రసీదు వచ్చేలా పోస్టులో పంపండి. ఆఫీసు నుండి వచ్చిన ఏ కవరునూ విప్పకుండా ఉంచవద్దు, తిప్పి పంపవద్దు. ఓపీ చీటీలు, మందుల బిల్లులు, పరీక్షల నివేదికలు తేదీల వరుసలో ఒక ఫైలులో పెట్టండి. రేపు అప్పీలులో మిమ్మల్ని కాపాడేవి అవే. ఈఎస్ఐ పరిధిలోని కార్మికులు ఈఎస్ఐ డాక్టరు వద్దనే పత్రం తీసుకోవాలి. అనారోగ్య భృతి పొందుతున్న కాలంలో కార్మికుని తొలగించరాదని 1948 నాటి ఈఎస్ఐ చట్టం 73వ సెక్షను గతంలో రక్షణ కల్పించేది. ఈ విషయం తెలియక ప్రైవేటు పత్రాలతో నష్టపోయేవారు అనేకులు.

ఇక అధికారులకు ఒక విన్నపం. మీ బల్ల మీద గైర్హాజరు ఫైలు ఉంటే, సంతకం చేసే ముందు ఒక కాగితం కోసం వెదకండి. ఆ ఉద్యోగిని ఏ వైద్యుడైనా పరీక్షించినట్లు నివేదిక ఉందా? ఉంటే చదివి నిర్ణయించండి. లేకపోతే ఆ ఫైలు ఇంకా పూర్తి కాలేదు.